మోసపోనన్న మొసలి

ఉద్యోగం కొత్తలో మనిషికి అవసరానికి మించిన తెలివి ఉంటుంది. ఎనభైల మొదట్లో మలికిపురం దగ్గర ఒక ప్రైవేటు బడిలో మాస్టరుగా చేరినప్పుడు నాకూ అది నిండుగానే ఉండేది. పిల్లల కథల్లో శాస్త్రీయ దృక్పథం లేదని టీ కొట్టు దగ్గర కూడా బాధపడేవాణ్ని. (వినేవాళ్లు నాకన్నా ఎక్కువ బాధపడేవారు.) ఉద్యోగం మాత్రం ఇంకా టెంపరరీయే. దాన్ని పర్మనెంటు చెయ్యాల్సింది బడి కమిటీ ప్రెసిడెంటుగారు.

ఆ ఏడు వార్షికోత్సవానికి కోతీ మొసలీ నాటకం వేద్దామన్నారు హెడ్మాస్టారు. రోజూ నేరేడు పళ్లు పెట్టే కోతిని మొసలి వీపు మీద ఎక్కించుకుని ఏటి నడుమకి తీసుకెళ్లి, మా ఆవిడకి నీ గుండెకాయ కావాలంటుంది. అయ్యో, చెట్టు మీద మరిచిపోయానే అని కోతి దాన్ని వెనక్కి తిప్పించి, గట్టెక్కి బతికిపోతుంది. అదే కథ. మొసలి వేషం ప్రెసిడెంటుగారి అబ్బాయికిచ్చాం. (వేషం ఇవ్వకపోతే నాటకమే ఉండదు, బొద్దుగా ఉంటాడు గనక కోతికి పనికిరాడు.) కోతి వేషం చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసే ఆయన కొడుక్కి. మర్నాడే ప్రెసిడెంటుగారి భార్య బడికి వచ్చారు.

"మా బాబు మొసలైతే అయ్యేడు గానండీ, వెర్రి మొసలి ఎందుకవ్వాలండీ?"

"ఆయ్, నిజమేనండీ," అన్నారు హెడ్మాస్టారు. ఆయన కలిగినవాళ్లకి కాదని చెప్పి ఎరగరు.

కథ మార్చే పని నా మీద పడింది. నేనైతే పొంగిపోయాను. గుండెకాయ రక్తాన్ని ప్రసరింపజేసే అవయవమనీ, దాన్ని చెట్టు మీద పెట్టి రావడం అసాధ్యమనీ మొసలి చేత ఉపన్యాసం చెప్పించాను. అబద్ధం పట్టుబడ్డ కోతి చేతులు జోడిస్తుంది, మొసలి పెద్ద మనసుతో క్షమించి వదిలేస్తుంది. ప్రెసిడెంటుగారి భార్య విని, "ఇప్పుడు నీతిగా ఉందండీ," అన్నారు.

వార్షికోత్సవం సాయంత్రం పందిరి నిండిపోయింది. ఆకుపచ్చ రంగేసిన గోనెసంచిలో మొసలి, దాని వీపు మీద కోతి. మొసలి గుండెకాయ అడగ్గానే కోతి కంగారులో అబద్ధం చెప్పడం మరిచిపోయి, ఆఖర్న జోడించాల్సిన చేతులు ముందే జోడించబోయింది. జనంలోంచి కోతి కుర్రాడి నాయనమ్మ లేచి నిలబడింది.

"దండం పెడతావేంట్రా ఎర్రోడా! గుండికాయ చెట్టు మీదుందని చెప్పరా, లేపోతే తినేత్తాది!"

అంతే, పందిరంతా అందుకుంది. "చెట్టు మీదుందని చెప్పరా!" పిల్లలూ, తల్లులూ, ఆఖరికి పక్క ఊరి పాస్టరుగారు కూడా. కోతి బెదిరిపోయి, "మొసలిగారూ, గుండెకాయ చెట్టు మీద మర్చిపోయేనండీ," అంది. ఇక ఉపన్యాసం రావాలి. మొసలి గోనెలోంచి తల పైకెత్తి జనాన్ని ఓసారి చూసింది. తెర వెనకనుంచి నేను ఉపన్యాసం మొదటి మాట అందించాను.

"అయ్యో, ముందే చెప్పొద్దాండీ! పదండి, తెచ్చుకుందాం," అంది మొసలి.

పందిరి రాట గబగబా ఎగబాకి, "గుండెకాయ నా లోపలే ఉందండోయ్!" అని కోతి అరిచేసరికి ఈలలతో పందిరి ఊగిపోయింది. నాటకం అయ్యాక ప్రెసిడెంటుగారు కండువాతో కళ్లు తుడుచుకుంటూ తెర వెనక్కి వచ్చారు.

"కథ మార్చింది ఎవరండీ? కొత్తగా రాయించేరని మా ఆవిడ చెప్పింది."

"ఈ మాస్టారేనండీ," అని హెడ్మాస్టారు నన్ను ముందుకి తోశారు.

"మరి జనం చేత అలా అరిపించడం ఎవరి ఆలోచనండీ? చాలా బాగుంది!"

"ఆయ్, అది నాదేనండీ," అన్నారు హెడ్మాస్టారు, నన్ను వెనక్కి లాగుతూ. ప్రెసిడెంటుగారి భార్య మాత్రం వచ్చినవాళ్లందరితోనూ, "మా బాబు ఎంత సహజంగా మోసపోయేడో చూసేరా అండీ!" అంటూ తిరిగారు. ఆ ఊపులోనే నా ఉద్యోగం కూడా పర్మనెంటైంది.

ఈమధ్య రాజోలు బస్టాండులో ఆ మొసలి కలిశాడు. జుట్టు నెరిసింది. ఇప్పుడు తనే ప్రెసిడెంటు. ఉపన్యాసం అప్పుడు మరిచిపోయావా అని అడిగాను.

"మొత్తం నోటికొచ్చండీ. కానీ అంతమంది చెట్టు మీదే ఉందంటుంటే నాకూ అలాగే అనిపించిందండీ," అన్నాడు.

తెర వెనక చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆ కుర్ర మాస్టరు గుర్తొస్తే ఇప్పుడు జాలేస్తుంది. పందిరి మొత్తంలో ఆ కథ వినకుండా ఉండిపోయింది పాపం అతనొక్కడే.