బుధవారం ప్రార్థన విన్నవాళ్లు

షాలేం రాజుకి సాటి విశ్వాసుల మీద ఒళ్లు మండటం మొదలైంది కిందటి డిసెంబర్‌లో, చర్చి కమిటీలో ఉన్న సుందర్ రాజ్ గారింటి హాల్లో. ఫోన్లో వైఫై సరిగ్గా రావడం లేదంటే చూసిపెడదామని వెళ్లాడు. గోడంత టీవీ. అందులో సీరియల్ లేదు, క్రికెట్ లేదు. ఎనిమిది గళ్లలో వాళ్ల చర్చి! ఖాళీ కుర్చీలు, ప్రసంగం చేసే పుల్పిట్, వంటగది, మంచు కప్పేసిన పార్కింగ్. సుందర్ రాజ్ గారి భార్య సోఫాలో కాళ్లు ముడుచుకుని జంతికలు నములుతూ చూస్తోంది.

"మొన్న ఆదివారం ఆ కొత్త ఫ్యామిలీ వాళ్లు బిర్యానీ రెండు డబ్బాల్లో సర్దుకుని పోయారు బ్రదర్. నేను రివైండ్ చేసి మరీ చూశాను" అంది. అనడానికి ఇసుమంత సిగ్గు కూడా లేదు.

ఛీ, ఇదేం మాయరోగం అనుకున్నాడు షాలేం రాజు. అనుకుని ఊరుకున్నాడు. ఎందుకంటే ఆ కెమెరాలు బిగించింది అతనే.

నర్సాపురం నుంచి మిషిగన్‌లోని నోవై వచ్చి పద్దెనిమిదేళ్లు. వారమంతా కారు తలుపుల గడియలు పరీక్షించే ల్యాబ్‌లో టెక్నీషియన్ పని. మిషన్ ఒక్కో గడియని వేలసార్లు తెరిచి మూస్తుంటే, అది ఎప్పుడు విరుగుతుందా అని పక్కన నిలబడి రాసుకోవాలి. శనివారం వస్తే నిచ్చెన కారు మీద కట్టుకుని తెలుగువాళ్ల ఇళ్లకీ షాపులకీ కెమెరాలు బిగించడానికి బయల్దేరతాడు. ఆ పనంటే పిచ్చి ఇష్టం. మనిషి కాస్త నోటి దురుసు, చెయ్యి మాత్రం మంచిది. అక్టోబర్‌లో చర్చి వ్యాన్ కింద సైలెన్సర్ ముక్క ఎవరో కోసుకుపోతే, "మన షాలేం రాజు ఉండగా బయటివాళ్లెందుకు?" అని కమిటీ అంతా అతని మీదే పడింది.

ఎనిమిది కెమెరాలు పెట్టాడు. రికార్డు చేసే పెట్టెని పాస్టరుగారి గదిలో అలమరలో దాచి, చర్చి వైఫైకి కలిపాడు. ఇక ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు. అసలు పద్ధతి ప్రకారం అయితే ఒక్కొక్కరికీ విడిగా పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఎవరు ఏది చూడొచ్చో కట్టడి చెయ్యాలి. ఆ మాటే చెప్పాడు.

సుందర్ రాజ్ గారు నవ్వేశారు. "బ్రదర్, మనమంతా ఒకటే కుటుంబం. కుటుంబంలో తాళాలేంటండీ? ఒకటే పాస్‌వర్డ్ పెట్టి గ్రూపులో పడేయండి."

పడేశాడు. కమిటీలో ఉన్నది ఐదుగురు. డిసెంబర్ నాటికి ఆ పాస్‌వర్డ్‌తో చూస్తున్న ఫోన్లు పదకొండు. అందులో ఒకటి హెర్న్‌డన్‌లో ఉండే సుందర్ రాజ్ గారి తమ్ముడిది! వర్జీనియాలో కూర్చున్నవాడికి మిషిగన్‌లో ఎవరు ఎన్నింటికి ఆరాధనకి వచ్చారో ఎందుకండీ? అయినా చూస్తున్నాడు. పాస్టరుగారు వాక్యం చెబుతుంటే ఎవరు ఫోన్ చూసుకున్నారో, ఎవరి పిల్లాడు వెనక వరసలో నిద్రపోయాడో, సోమవారానికల్లా ఊరంతా తెలిసిపోయేది. దొంగ కోసం పెట్టిన కన్ను దొంగని తప్ప అందరినీ చూసింది.

ఆ చర్చిని బుధవారం బుధవారం శుభ్రం చేసేది దేవకుమారి. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి సాయం చేసే ఉద్యోగం. భర్త పోయాక కూతురు ఫెబీని ఒక్కత్తే పెంచింది. ఎవరూ అడగకుండానే తాళంచెవి తీసుకుని వచ్చి, కార్పెట్ ఊడ్చి, బాత్రూములు కడిగి, ఆ తర్వాత చెప్పులు విడిచి పుల్పిట్ ముందు మోకాళ్లూనేది. పైకి గట్టిగా, ఏడుస్తూ, దెబ్బలాడుతూ ప్రార్థన చేసేది. మనసులో చేసుకునే అలవాటు ఆమెకి లేదు. అద్దె అపార్ట్‌మెంట్‌లో గొంతెత్తితే పక్కవాళ్లు గోడ కొడతారు. ఆమె గొంతుకి ఉన్న చోటల్లా ఆ ఖాళీ హాలే.

హాల్లో కెమెరాకి మైకు ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

జనవరి చివర ఒక గురువారం, ల్యాబ్‌లో మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తెరుస్తుంటే షాలేం రాజు ఫోన్ మోగింది. చర్చి ప్రార్థన గ్రూపు. రెండు వందల మంది ఉన్న గ్రూపు. సుందర్ రాజ్ గారు పెట్టారు: "వందనాలు. సిస్టర్ దేవకుమారి కుటుంబం గురించి భారంతో ప్రార్థించండి." కింద నలభై సెకన్ల వీడియో.

నొక్కాడు. దేవకుమారి వీపు, ముడేసిన జుట్టు, వణుకుతున్న భుజాలు. మాట గంట కొట్టినట్టు వినిపిస్తోంది. "నాయనా, ఫెబీని నేపర్‌విల్‌లో షారన్ ఇంట్లో పెట్టానయ్యా. వాడి కంట పడనీకు తండ్రీ. మళ్లీ నా బిడ్డ మీద వాడి చెయ్యి పడనీకు..."

షాలేం రాజు డబ్బా మూత పెట్టేశాడు. ఫెబీ మొగుడు చెయ్యి చేసుకుంటాడని ఆ సంఘంలో ఎవరికీ తెలియదు. ఫెబీ ఉద్యోగం మీద వేరే ఊరెళ్లిందనే అనుకుంటున్నారు. ఆ గ్రూపులో ఫెబీ అత్తగారు ఉంది.

వీడియో కింద అప్పుడే ముప్ఫై దండాలు, పదిహేను ఆమెన్‌లు. ఒక్కడంటే ఒక్కడు "ఇది తీసేయండి" అనలేదు.

సుందర్ రాజ్ గారికి ఫోన్ చేశాడు. "అది వెంటనే డిలీట్ చేయండి. ఫెబీ అత్తగారు అందులోనే ఉంది!"

"ఉంటే ఏం బ్రదర్? ఆవిడా విశ్వాసే కదా. ప్రార్థన మనవి దాచిపెడితే సంఘం ఎలా మోస్తుంది?"

"మనవి ఇచ్చింది ఆవిడా? మీరు దొంగచాటుగా విన్నారు!"

"మాటలు జాగ్రత్త. కెమెరా పెట్టింది మీరు."

ఆ గొంతులో తప్పు చేసిన బెదురు లేదు సరికదా, పుణ్యం మూటగట్టుకున్న తృప్తి ఉంది. ఫోన్ పెట్టేసి దేవకుమారికి చేశాడు. ఎత్తలేదు. పనిలో ఉన్నప్పుడు ఆమె ఫోన్ లాకర్లో ఉంటుంది. మేనేజర్‌కి ఒక్క ముక్క చెప్పి కారు తీశాడు. బురదమంచులో ఇరవై నిమిషాలు. దారంతా సుందర్ రాజ్‌ని తిట్టాడు, ఆమెన్‌లు కొట్టినవాళ్లని పేరు పేరునా తిట్టాడు. తిడుతూ తిడుతూ ఒకచోట ఆగిపోయాడు.

అక్టోబర్‌లో కెమెరాలు పెట్టిన వారమే, ఇంట్లోంచి ఫోన్లో సరిగ్గా వస్తోందా లేదా అని పరీక్షించింది ఒక బుధవారం. అప్పుడు హాల్లో దేవకుమారి ఉంది. రెండు నిమిషాలు విన్నాడు. ఆమె ఏడుస్తోంది. అతనేమో సౌండ్ ఎంత క్లియర్‌గా వస్తోందో అని మురిసిపోయాడు! మైకు ఆపేయాలని అనుకున్నాడు. రేపు చేద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు జనవరి దాకా రాలేదు.

వృద్ధాశ్రమం నడవాలో, చక్రాల కుర్చీ తోస్తూ ఎదురొచ్చింది దేవకుమారి. అతని మొహం చూడగానే ఆగింది.

"ఏంటి తమ్ముడూ, ఇలా వచ్చావు?"

చెప్పాడు. వీడియో చూపించాడు. తన వీపుని తను చూసుకుని ఆమె ఒక్క క్షణం అదెవరో పోల్చుకోలేకపోయింది. పోల్చుకోగానే కుర్చీకి బ్రేకు వేసి, ముసలాయన దుప్పటి సర్ది, లాకర్ వైపు పరిగెత్తి ఫెబీ స్నేహితురాలు షారన్‌కి ఫోన్ చేసింది. అయిదు నిమిషాల్లో షారన్ ఫెబీని కారెక్కించుకుని ఇంట్లోంచి బయటపడింది.

ఎక్కించుకోబట్టి సరిపోయింది. సాయంత్రం ఆరున్నరకి ఫెబీ మొగుడు నేపర్‌విల్‌లో షారన్ ఇంటి తలుపు బాదుతున్నాడు. అయిదు గంటలు డ్రైవ్ చేసి వచ్చాడు మహానుభావుడు! పోలీసులొచ్చి పంపించేశారు.

అదే సాయంత్రం షాలేం రాజు చర్చికి వెళ్లి రికార్డర్ పెట్టె పీకి, ఎనిమిది కెమెరాలూ ఊడదీసి కారు డిక్కీలో పడేశాడు. ఆదివారం కమిటీ కూర్చుంది. దేవకుమారి గురించి అనుకుంటున్నారేమో, కాదు. సంఘం ఆస్తి చెప్పకుండా ఎలా పట్టుకెళ్తాడని! పాస్టరుగారు, పాపం మెతక మనిషి, "ఆవేశపడకండి బ్రదర్, ప్రేమతో మాట్లాడుకుందాం" అన్నారు. సుందర్ రాజ్ గారు మాత్రం గ్రూపులో కొత్త మెసేజ్ పెట్టారు. "మన ప్రార్థనల వల్ల సిస్టర్ ఫెబీ గొప్ప ప్రమాదం నుంచి తప్పింది. దేవునికి మహిమ." దానికి నలభై ఆమెన్‌లు.

ప్రమాదం తెచ్చిపెట్టిందెవరురా అని అరవాలనిపించింది షాలేం రాజుకి. అరిచి ఏం లాభం? ఆ అరుపుకి కూడా ఆమెన్ కొడతారు.

మరుసటి బుధవారం సెలవు పెట్టి చర్చి దగ్గర కాపు కాశాడు. వస్తుందో రాదో అనుకున్నాడు గానీ, దేవకుమారి ఎప్పటిలాగే వచ్చింది. కార్పెట్ ఊడ్చింది. బాత్రూములు కడిగింది. అతను వెనకే తిరిగాడు.

"అక్కా, అన్నీ పీకేశాను. ఒక్కటి కూడా లేదు. కావాలంటే చూడు."

"చూశాను తమ్ముడూ."

"నేను కూడా విన్నానక్కా, అక్టోబర్‌లో. ఒకసారి. విని కూడా మైకు ఆపలేదు."

ఆమె తుడుపు కర్ర గోడకి ఆనించి అతని వైపు చూసింది. క్షమించానని చెప్పలేదు. చెబితే బాగుండునని అతను ఎదురుచూస్తున్నాడని ఆమెకి తెలుసు.

"నేను బయటికెళ్లిపోతాను. ప్రార్థన చేసుకో" అన్నాడు.

"చేస్తున్నాను. లోపల్లోపలే" అంది. అలవాటు లేని పని కదా, అందులో సగం మర్చిపోతున్నానంది.

తాళంచెవి అతని చేతిలో పెట్టి కోటు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లాక అతను ఉండబట్టలేక అడిగాడు.

"ఫెబీ ఎలా ఉందక్కా? ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది?"

"నాకు తెలియదు తమ్ముడూ" అంది దేవకుమారి, జిప్పు పైకి లాక్కుంటూ. "నాకు చెప్పొద్దన్నాను. తెలిస్తే దేవుడితో అనేస్తాను."