పదమూడు చిల్లులు

పలాస నుంచి టెక్కలి వెళ్లే దారిలో, ఒకప్పటి జీడిపప్పు గోడౌన్లో షూటింగ్ క్లబ్బు పెట్టారు. అందులో చేరదామన్నది నా భార్య తమ్ముడు.

“బావా, రిటైరయి ఇన్నేళ్లయింది. ఆ డైరీలు తిరగెయ్యడం తప్ప ఏటి సేత్తన్నావు? రా, తుపాకీ పట్టుకుందాం.”

అతనిది జీడిపప్పు వ్యాపారం. నాది రైల్వే ఉద్యోగం. సుమ్మాదేవి, నౌపడ లాంటి స్టేషన్లలో సిగ్నల్ దీపాలు చూస్తూ సర్వీసు గడిపాను. గడువు పడినప్పుడల్లా కళ్ల పరీక్ష ఉండేది. ఒక్కసారీ తప్పలేదు. అందుకే క్లబ్బు ఫారంలో ‘చూపులో లోపం ఉందా?’ అన్నచోట ‘లేదు’ అని పెద్ద అక్షరాలతో రాశాను.

నేర్పే ఆయన సైన్యంలో చేసి వచ్చిన మనిషి. గాలి తుపాకీ చేతికిచ్చి, పక్కపక్క వరసల్లో మమ్మల్ని నిలబెట్టి, తలా పది పెల్లెట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. పది మీటర్ల దూరంలో ఎవరి కార్డు వారికి. ఎడమ కన్ను మూసి కుడి కంటితో గురి చూడమన్నాడు.

మూశాను. ఎదురుగా పొగమంచు. అందులో తెల్లటి మచ్చ ఒకటి. గురి చూసే రంధ్రానికి దుమ్ము పట్టిందనుకుని రుమాలుతో తుడిచాను. మార్పు లేదు. ఆ మచ్చే నా కార్డని అనుకుని పదీ కాల్చేశాను.

కార్డులు తెచ్చాక ఆయన చిల్లులు లెక్కపెట్టాడు. నా దాంట్లో ఏడు. బావమరిది దాంట్లో పదమూడు.

“మరేటనుకున్నారు? మన సెయ్యి పడితే పది పదమూడవుతాది!” అని బావమరిది గోడౌను అదిరేలా నవ్వాడు.

ఆయన మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, “సార్, ఎడం కన్ను అరచేత్తో మూసి ఆ గోడ మీద కేలెండర్లో నెల పేరు సెప్పండి” అన్నాడు.

కేలెండరు ఎక్కడుందో కూడా నాకు కనిపించలేదు.

బావమరిది నవ్వు ఆగిపోయింది. “బావా, ఆదివారం చర్చికెల్లినప్పుడు అక్క నీ బండెనకాలే కదా కూకుంటాది” అన్నాడు.

“మీ అక్కకి సెప్పకు. బండి మాన్పించేత్తాది.”

“నాను సెప్పను. నువ్వే సెప్పు. సెప్పీవరకూ తాళం నాకాడుంటాది.”

నా చేతిలోంచి స్కూటర్ తాళం తీసుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపాడు.

ఆ సాయంత్రం ఈ ఏడాది డైరీ మొదటి నుంచి చదివాను. అన్నీ రాసే ఉన్నాయి. గేటు ఇరుకుగా ఉంది, కుడి పక్క స్తంభానికి స్కూటర్ గీసుకుంది. కొత్త కప్పులు బొత్తిగా చిన్నవి, టీ పళ్లెంలో పడుతోంది. జరిగింది జరిగినట్టే రాశాను, కారణాలే వేరేవి రాసుకున్నాను. మూడు నాలుగు చోట్ల ఈ మాట కూడా ఉంది: ‘ఆమెకు రోడ్డు భయం పెరుగుతోంది. వెనక కూర్చుని దారంతా అరుస్తోంది.’

నా భార్య పెరట్లో కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. వెళ్లి చెప్పాను, నా కుడి కన్ను పోయిందని.

ఆమె తల ఎత్తలేదు. “నాకెప్పుడో తెల్సు. లేపోతే కుడేపు లారీ, కుడేపు ఆవు అని ఎందుకరుత్తానండీ?”

“మరి సెప్పలేదేటి?”

“ఏటని సెప్పడం? కళ్ల పరీచ్చ ఎప్పుడూ తప్పలేదని వచ్చినోలందరికీ సెప్తారు కదా. మిమ్మల్ని ఒక్కరినీ బండి మీద పంపలేక ఎక్కీదాన్ని.”

ఆమె పక్కన కూర్చుని నేనూ ఒక ఆకు అందుకున్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పి. స్కూటర్ ఎక్కాలన్నా దిగాలన్నా నా భుజం పట్టుకోవాలి. అయినా నేను ఎక్కడికి బయల్దేరినా, వద్దన్నా వినకుండా వెంట వచ్చేది. క్లబ్బుకు మాత్రం తమ్ముడు వెనక ఎక్కాడు కాబట్టే ఆగింది. ఇన్నాళ్లూ నేనే ఆమెను తీసుకెళ్తున్నానని అనుకున్నాను.

కళ్ల డాక్టరు శుక్లం ముదిరిందని చెప్పి, ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. స్కూటర్ మీద టార్పాలిన్ కప్పి, మర్నాడు క్లబ్బుకు బస్సులో వెళ్లాను. నా ఫారం అడిగి తీసుకున్నాను.

రైల్వే రిజిస్టర్లో తప్పు పడితే చెరపకూడదు. పాత మాట చదవడానికి వీలుగా దాని మీద ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ‘లేదు’ మీద గీత కొట్టి, ‘ఉంది, కుడి కన్ను’ అని రాసి సంతకం పెట్టాను. ముందు రోజు రాత్రే డైరీలో ఆమె రోడ్డు భయం గురించి రాసిన మాటల మీదా అలాగే గీతలు కొట్టాను.

ఇక చేర్చుకోరేమో అనుకున్నాను. ఆయన ఫారం చదివి, ఫైల్లో పెట్టి, తుపాకీ తెచ్చి నా ఎడమ భుజానికి ఆనించాడు.

“బావా, ఈపాలైనా నీ కార్డు నువ్వే కొట్టుకో!” అని పక్క వరసలోంచి బావమరిది అరిచాడు.