వాకిలి కాడ తొవ్వ

పటాన్‌చెరుల ఆదివారం పొద్దున మాలాంటి ఫ్యాక్టరీ పనోళ్లకు ఇంగ్లిషు చెప్పే సార్ ఒకాయన ఉండె. అంతకుముందు ఏదో మందుల కంపెనీల షిఫ్ట్ ఇన్‌ఛార్జి అట. బోర్డు మీద ఎప్పుడూ అవే రెండు ముక్కలు రాస్తుండె. ‘ద వాల్వ్ దట్ వాజ్ లెఫ్ట్ ఓపెన్’, మూయకుండా వదిలేయబడిన వాల్వ్. ‘ద మ్యాన్ హూ వాజ్ క్యారీడ్ అవుట్’, బయటికి మోసుకుపోబడిన మనిషి. రెండోది రాయంగనే, లోపలినుంచి ఎవరినో మోసుకొస్తుంటే తొవ్వ ఇచ్చినట్టు, వాకిలి కాడికి పోయి పక్కకు జరుగుతుండె. మేమూ ఎందుకో తెల్వకుండానే కాళ్లు ముడుచుకుంటుంటిమి.

“వాల్వ్ ఎవరు వదిలిండ్రు సార్?” అని ఒకసారి అడిగిన.

“రిపోర్టుల ఎవరన్నది రాయాల్సిన పని లేదు. అందుకే నేర్పుతున్న,” అన్నరు. నా దిక్కు చూడలే.

మొన్న వాల్వ్ మూయక మా ప్లాంటుల గ్యాస్ లీకైంది. పడిపోయిన ఆపరేటర్‌ను నలుగురు మోసుకుపోయిండ్రు. ఇంగ్లిషు వస్తదని రిపోర్టు నన్నే రాయమన్నరు. సార్ నేర్పినవే రెండూ తప్పు లేకుండా రాసిన. సంతకం పెట్టి లేచి, వాకిలి కాడ పక్కకు జరిగి నిలబడ్డ.

ఎవరూ రాలే. చానసేపు నిలబడ్డ. ఆ పొద్దు వాల్వ్ మూయాల్సింది నేనే.