ఆకురాలే కాలం దగ్గు

మా వంటింటి అల్మరాలో మాది కాని గిన్నె ఒకటి దాదాపు ఏడాది పాటు ఉండిపోయింది. తెల్లటి పింగాణీ గిన్నె, మూతతో సహా, అంచున సన్నటి నీలం గీత. అది పక్కింటి చైనా ఆంటీది. మా గుమ్మానికీ ఆమె గుమ్మానికీ మధ్య పది అడుగులు కూడా ఉండవు, అయినా తిరిగి ఇవ్వలేకపోయాను.

మేముండేది లీడ్స్‌లో, వరసగా ఒకదానికొకటి అతుక్కుని ఉండే ఇటుక ఇళ్ళలో ఒకటి. ఆంటీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆమెకు డెబ్బై దాటాయి. ఒకప్పుడు ఊళ్ళో చైనా మూలికల కొట్టు నడిపింది. కొట్టు మూసేశాక కూడా తెలిసినవాళ్ళు వస్తే ముందు గదిలో కూర్చోబెట్టి, నాడి పట్టుకుని, నాలుక చూసి, ఏం తినాలో ఏం మానాలో చెప్పేది. నాకైతే అడక్కుండానే చెప్పేది.

సెప్టెంబర్ వచ్చిందంటే కంచె అవతల నుంచి మొదలయ్యేది. మెడకి ఏదైనా చుట్టుకో. తడి తలతో బయటికి రాకు. పెందలాడే పడుకో, కోడితో పాటు లే. కారం తగ్గించు, అల్లం తగ్గించు. ఆకురాలే కాలం ఊపిరితిత్తుల కాలమట. గాలి పొడిబారి గొంతూ చర్మమూ ఊపిరితిత్తులూ ఎండిపోతాయట. అందుకని తెల్లటివి తినాలట: పియర్ పండు, ముల్లంగి, తామర గింజలు. దిగులు కూడా ఊపిరితిత్తుల్లోనే కాపురం ఉంటుందట, కాబట్టి ఈ మూడు నెలలూ మనసుని కనిపెట్టుకుని ఉండాలట. రోజూ ముసురు పట్టే ఊళ్ళో గాలి పొడిబారడమేమిటని లోపల నవ్వుకునేదాన్ని. పైకి మాత్రం "అవును ఆంటీ" అనేదాన్ని. నాకు తెలిసిన శరత్తంటే వెన్నెలా, దసరా సెలవులూ. దానికో రోగం ఉంటుందని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

కిందటేడు అక్టోబర్ మొదట్లో మా ఆయనకి దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. ఆయనకి సిగరెట్ అలవాటు లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో సగం రోజులు ఇంటి నుంచే. మీటింగుల్లో మైకు ఆపేసుకుని దగ్గేవారు. జీపీ దగ్గరికి వెళ్దామంటే నవ్వేశారు.

"దగ్గుక్కూడా డాక్టరేంటే? అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి, మన ముందు ముప్పై మంది ఉంటారు. నీ మిరియాల చారుండగా నాకేమవుద్ది?"

ఆ పొగడ్తకి పడిపోయాను. మిరియాల చారు, శొంఠి కషాయం, పడుకునే ముందు పసుపు పాలు. పొయ్యి దగ్గర నిలబడి నేనే పెద్ద వైద్యురాలినైపోయాను.

గోడ అవతల ఆంటీకి దగ్గు వినిపించింది. మూడో రోజు సాయంత్రం ఆ తెల్ల గిన్నె పట్టుకుని వచ్చింది. మూత తీస్తే, ఆవిరి మీద ఉడికించిన పియర్ పండు. పైభాగం మూతలా కోసి, గింజలు తొలిచి, లోపల పటికబెల్లం పెట్టి, మళ్ళీ ఆ ముక్కే పైన కప్పి ఉడికించింది.

"పొడి దగ్గు, ఈ కాలానిది. రోజూ ఒకటి తినాలి, రసంతో సహా. మిరియాలు పెట్టకు, ఇంకా ఎండబెడతాయి" అంది.

పటికబెల్లం వరకూ సరే. దగ్గుకి పండు పెట్టడమేమిటి, అదీ నీళ్ళోడే పండు? మా ఇంట్లో ఎవరైనా దగ్గితే చాలు, చలవ చేస్తాయని పండ్లన్నీ అటకెక్కేవి. ఇది తిని ఆయన రొమ్ము పట్టేస్తే ఏం చేయాలి అనుకున్నాను. ఆంటీ వెళ్ళాక, మీటింగులో ఉన్న ఆయన మైకు ఆపి లాప్‌టాప్ దగ్గర నుంచే చెయ్యి చాపారు.

"ఇటివ్వవే చూద్దాం, వాసన బాగుంది."

నేను ఇవ్వలేదు. ఆ చెయ్యి చాచడం ఇప్పటికీ నాకు కళ్ళముందే ఉంది.

పండుని కాగితంలో చుట్టి, ఆమె కంట పడకుండా మరో సంచిలో వేసి, వెనక బిన్‌లో పారేశాను. అలా రోజుకొకటి. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. మా అమ్మ నేర్పిన పద్ధతి అది, ఇంటికి వచ్చిన గిన్నెలో చిటికెడు పంచదారైనా వేసి పంపాలి. కడిగి, తుడిచి, ఆ రోజు చేసిందేదో పెట్టి ఇచ్చేదాన్ని. నిమ్మకాయ పులిహోర, అలసంద వడలు, ఒకరోజు గోంగూర పచ్చడి కలిపిన అన్నం. ఆమె రెండు చేతులతో అందుకునేది. అందుకుని, దగ్గెలా ఉందని అడిగేది.

డెబ్బై దాటిన మనిషి, రోజూ పొయ్యి దగ్గర నిలబడి చేసుకొస్తోంది. నీ పండు చెత్తలో ఉందని ఎలా చెప్పను? మొదట్లో "పర్వాలేదు ఆంటీ" అన్నాను. ఆరో రోజున "బాగా తగ్గింది, మీ పండు పనిచేస్తోంది" అన్నాను. ఆమె మొహం చిన్నపిల్ల మొహమైపోయింది. అది చూశాక ఏడో రోజు మాట మార్చడం నా వల్ల కాలేదు. మొహమాటమంటే మంచితనంలో ఒక భాగమని అప్పట్లో నా నమ్మకం. అందులో సగం పిరికితనమేనని ఇప్పుడు తెలుసు.

ఇంకో పది రోజులకి ఆమె నన్ను గుమ్మంలో ఆపింది. "పొద్దున మళ్ళీ దగ్గు వినిపించింది" అంది. అప్పటికి నా నోటికి అబద్ధం అలవాటైపోయింది.

"మా అమ్మాయి ఆంటీ. స్కూల్ నుంచి జలుబు తెచ్చుకుంది."

ఆయన లాప్‌టాప్‌ని ఆంటీ గోడకి దూరంగా వెనక గదిలోకి మార్చాను. మర్నాటి నుంచి వారం పాటు రెండు గిన్నెలు వచ్చాయి, ఆ తరవాత మళ్ళీ రోజుకొకటి. పదిహేనేళ్ళ మా అమ్మాయికి జలుబూ లేదు, గిలుబూ లేదు. తన వాటా పండు ఊదుకుంటూ తినేసింది. "ఇట్స్ యాక్చువల్లీ నైస్, అమ్మా. జస్ట్ టెల్ హర్ డాడ్ డజంట్ ఈట్ ఇట్" అంది. పెద్దవాళ్ళు ప్రేమగా తెచ్చినదాన్ని అలా మొహం మీద కొట్టినట్టు చెప్పకూడదని దానికి పావుగంట క్లాసు పీకాను.

నవంబర్ మధ్యలో ఒక శనివారం పొద్దున, ఆయన పళ్ళు తోముకుంటూ సింకు దగ్గర దగ్గి, కుళాయి తిప్పకుండా అలాగే నిలబడిపోయారు. వెళ్ళి చూస్తే సింకులో ఎర్రటి చార. ఆసుపత్రిలో ఫోటోలు తీశారు, తరవాత ఇంకో మిషన్లో పడుకోబెట్టారు. ఊపిరితిత్తిలో గడ్డ, అప్పటికే ఎముకల్లోకి పాకింది. ఎన్నాళ్ళ నుంచి దగ్గని అడిగితే ఆయన నా వైపు చూశారు. ఆరు వారాలని నేనే చెప్పాను. ముందే తీసుకొచ్చి ఉంటే అని డాక్టరమ్మని అడిగాను. ఆమె చెప్పలేమంది. తేడా ఉండేది కాదని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం మేము ఇల్లు చేరేసరికి గుమ్మంలో తెల్ల గిన్నె ఉంది. ఆ పండుని పారేయలేకపోయాను, ఆయనకి పెట్టడానికీ చెయ్యి రాలేదు. ఫ్రిజ్‌లో నల్లబడేదాకా ఉంచాను. మార్చిలో ఆయన పోయారు. ఆ గిన్నె అల్మరాలోకి వెళ్ళిపోయింది.

ఈ సెప్టెంబర్లో చెట్ల ఆకులు పసుపు తిరగడం మొదలైంది, ఆంటీ మాత్రం నాకు ఒక్క జాగ్రత్త కూడా చెప్పలేదు. కంచె అవతల ఆకులు ఊడ్చుకుంటోంది. నేను కావాలనే మెడకి ఏమీ చుట్టుకోకుండా, తడి తలతో ఆమె ఎదుట బట్టలారేశాను. తలెత్తి చూసి, మళ్ళీ చీపురు అందుకుంది. నన్ను కోప్పడే మనిషి ఒక్కతి మిగిలిందనుకుంటే ఆమె కూడా ఊరుకుందని ఏడుపొచ్చింది.

ఆ వారంలోనే ఒకామె ఆరేడేళ్ళ పిల్లని తీసుకుని ఆంటీ తలుపు కొట్టింది. పిల్ల దగ్గుతోంది. నేను చెత్త బయట పెడుతున్నాను, మాటలన్నీ వినిపించాయి.

"నేనిప్పుడు ఎవర్నీ చూడడం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి."

వాళ్ళు వెళ్ళిపోయాక, ఎందుకు మానేశారని అడిగాను. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి నెమ్మదిగా చెప్పింది.

"ఈ కాలపు దగ్గు పియర్ పండుకి పది రోజుల్లో లొంగుతుంది. లొంగకపోతే అది వేరే జబ్బు. ఆసుపత్రికి పొమ్మని నేనే పంపేస్తాను. మా నాన్న అలాగే చేసేవాడు, నేనూ నలభై ఏళ్ళు అలాగే చేశాను. మీ ఆయన దగ్గు ఆరో రోజుకే తగ్గింది. లోపల అంత జబ్బు పెట్టుకుని నా పండుకి ఎలా తగ్గింది? ఎంత ఆలోచించినా తెలియడం లేదు. ఇంత తెలియని దాన్ని ఇంకొకళ్ళ పిల్ల నాడి ఎలా పట్టుకోను?"

నేను ఇంట్లోకి వచ్చేశాను. మూడు రోజులు నా మీద నాకే అసహ్యం, దానికి తోడు అందరి మీదా కోపం. ఈమె నన్నెందుకు నమ్మింది? అంతగా చెయ్యి చాపిన ఆయనైనా, లేచి వచ్చి లాక్కుని తినొచ్చు కదా? మీటింగులో ఉన్నారు పాపం, ఎలా వస్తారు. చివరికి కోప్పడడానికి నేనే మిగిలాను.

నాలుగో రోజు గిన్నె దించి, మళ్ళీ కడిగాను. అలవాటు కొద్దీ పెరుగన్నం కలపబోయి ఆగిపోయాను. ఖాళీ గిన్నెతోనే వెళ్ళాను. అలా ఒకరింటికి వెళ్ళడం నాకు అదే మొదటిసారి.

ముందు గదిలో, నాడి చూసే బల్ల మీద గిన్నె పెట్టి కూర్చోకుండానే చెప్పాను. "ఆయన తినలేదు ఆంటీ. నేనే పెట్టలేదు, అన్నీ పారేశాను. తగ్గిందని చెప్పింది అబద్ధం. అమ్మాయికి జలుబన్నదీ అబద్ధమే. మీ తప్పేం లేదు."

ఆమె మూత తీసి లోపలికి చూసింది.

"ఒక్కటి కూడా తినలేదా?"

"ఒక్కటి కూడా."

గిన్నెకి మళ్ళీ మూత పెట్టింది. తరవాత, "పదో రోజున నేను పంపించేసేదాన్ని" అంది. "అప్పటికింకా అక్టోబర్ సగం కూడా కాలేదు."

నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో ఆ పిల్ల తల్లి నంబర్ వెతుకుతోంది. తలెత్తకుండానే అంది.

"నువ్వు పంపినవన్నీ నేను తిన్నాను. నాకు కారం పడదు, నీళ్ళు తాగుతూ తిన్నాను. ఎలా ఉందని నువ్వు అడిగితే నిజం చెప్పాలి కదా."

నేను ఒక్కరోజు కూడా అడగలేదు.