తూకం సరిపోయిన కారు

ఆ రోజుల్లో మా ఆర్మూర్‌లో ఏ వస్తువు విలువైనా బరువును బట్టే తేలేది. పసుపు సంగతి సరేసరి, పెళ్లికి వచ్చిన ఇత్తడి బిందెను కూడా చేత్తో ఎత్తి చూసి గాని ఎవరూ మెచ్చుకునేవారు కారు. అలాంటి ఊళ్లో బరువు తగ్గిస్తే వస్తువు బాగుపడుతుందని నమ్మిన ఏకైక మనిషిని నేను. ఆ నమ్మకం వల్ల ఏం జరిగిందో మార్కెట్ యార్డులో పాతవాళ్లందరికీ తెలుసు. కాని తప్పుగా తెలుసు. మా మేనమామ పాత స్పోర్ట్స్ కారులో పసుపు బస్తా దాచింది ఎవరన్న విషయంలో ఇరవై ఏళ్లుగా ఒక నిజాయితీపరుడి పేరు నలుగుతోంది. దాన్ని సరిచేయడానికి ఇది రాస్తున్నాను. (మీకు నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా విసుగే వస్తుంది, అందులో ముప్పాతిక వంతు నా మీదే.)

రెండు వేల నాలుగో, ఐదో. మామకు యార్డులో పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును కాంట పెట్టించి వ్యాపారులకు అమ్మించడం ఆయన పని. నేను మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, ఆ చదువుకు తగ్గట్టుగా ఆయన దుకాణంలో బస్తాల మీద పేర్లు రాస్తుండేవాణ్ణి. ఆ ఏడాది మామ మూతపడిన ఒక జిన్నింగు మిల్లు గోదాము కొన్నాడు. మూలన చినిగిన టార్పాలిన్ కింద ఈ కారు బయటపడింది. ఎర్ర రంగు, రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు కరుచుకున్నట్టు ఉండే విదేశీ బండి. మామ ముందు మూత ఎత్తి చూసి, లోపల స్టెప్నీ టైరు తప్ప ఏమీ కనిపించక, "అరేయ్, ఇంజను ఎవడో ఎత్కపోయిండ్రా!" అని యార్డంతా వినపడేలా మొత్తుకున్నాడు. ఇంజను వెనక ఉంటుందని నేను చూపించాక కూడా ఆయనకు అనుమానం తీరలేదు. "ముందుండాల్సింది ఎన్కకు ఎందుకు పోయింది?" అని చాలాకాలం అడుగుతూనే ఉన్నాడు.

దాన్ని బాగుచేసే పని పానా ఉస్తాద్‌కు అప్పగించాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పదో నంబరు పానా పెట్టుకు తిరిగే మనిషి కాబట్టి ఆ పేరు. బస్టాండు వెనక ఒక రేకు కింద పనిచేసేవాడు. వాన పడితే తనూ బండీ ఇద్దరూ తడిసేవారు. కారు మంచిగా నడిస్తే గోదాములో రోడ్డు వైపు గది వర్క్‌షాపుకు ఇస్తానని మామ మాటిచ్చాడు. ఉస్తాద్ ఆ గది గోడ మీద ఏ పానా ఎక్కడ వేలాడదీయాలో అప్పుడే బొగ్గుతో గీతలు గీసుకున్నాడు. ఆయన భార్య వచ్చి ఆ గీతలను చూసి కూడా వెళ్లింది.

అయితే మామ మామే. కారును ఉస్తాద్‌కు ఇచ్చే ముందు యార్డు గేటు బయట లారీలను తూచే ధర్మకాంట మీదికి తోయించాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "ఇచ్చిన తూకం గింత. తెచ్చినప్పుడు గింతే రావాలె. ఒక్క నట్టు మింగినా కాంట చెప్తది" అన్నాడు.

ఉస్తాద్ నెత్తి గోక్కున్నాడు. "సేటూ, తుప్పు గీకుతం గదా, గా తుప్పు బరువు పోదా?"

మామ తడి పసుపు తెచ్చిన రైతుతో మాట్లాడే గొంతుతో అన్నాడు. "సరే తియ్. తుప్పుకు రెండు కిలోలు తరుగు ఇస్త."

ఉస్తాద్ నాలుగు నెలలు ఆ బండిని పూర్తిగా విప్పి, తుడిచి, గీకి, మళ్లీ బిగించాడు. విప్పిన ప్రతి ముక్కనూ గోనె సంచిలో వేసి, సంచి మీద సుద్దముక్కతో పేరు రాసేవాడు. నేను రోజూ సాయంత్రం వెళ్లి తల దూర్చేవాణ్ణి. అప్పట్లో నా సంచిలో ఒక ఇంగ్లీషు మోటారు పత్రిక ఉండేది. హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మీద దొరికింది. పందెపు కార్లలో అనవసరమైన బరువు ఎలా తీసేస్తారో అందులో బొమ్మలతో సహా ఉంది. అది చదివినప్పటి నుంచి నాకు ఒకటే కల. పక్క ఊరు అంకాపూర్ వెళ్లి నాటుకోడి కూర పార్సిల్ కట్టించుకుని, అది చల్లారక ముందే ఆర్మూర్‌లో దిగాలి. (మోటారు సైకిల్ మీద కూడా అది చల్లారదు. ఆ సంగతి నాకు తట్టలేదు.)

"ఉస్తాద్, బరువు తగ్గిద్దాం" అని పోరుపెట్టేవాణ్ణి. ముందు బంపరు లోపల చెరో పక్కన ఒక్కో ఇనుప దిమ్మ బిగించి ఉంది. వాటిని చూపించి, "ఇవి దేనికి? ఏ పనీ చేయవు" అన్నాను.

"చిన్న సేటూ, గవి పని చెయ్యకుంటనే పని చేస్తయి. ఇంజను ఎన్క ఉన్నది, ముందట తేలిపోకుంట పట్టుకుంటయి. ముట్టకు."

డిప్లొమా చదివినవాణ్ణి నేను. రేకు కింద పనిచేసే మనిషి నాకు చెప్పడమా!

సోమవారం పొద్దున కారు అప్పగించాలి. ఆదివారం ఉస్తాద్ కుటుంబంతో చర్చికి వెళ్లాడు. ఆయన పానాలతోనే, ఆయన రేకు కిందే, నేను నా చదువును ప్రదర్శించాను. రెండు దిమ్మలూ పీకాను. స్టెప్నీ, జాకీ తీశాను. తలుపుల అట్టల వెనక, తివాచీ కింద పరిచిన మందపాటి పొరలు లాగేసి, పైకి కనపడకుండా అట్టలూ తివాచీ మళ్లీ సర్దాను. పత్రికలో ఉన్నట్టే తలుపు లోపలి రేకుకు చిల్లులు కూడా పొడుద్దామనుకున్నాను గాని, దేవుడి దయవల్ల కరెంటు పోయింది. అన్నీ సంచుల్లో కట్టి గోదాము మూలన పడేశాను. కారును అటూ ఇటూ ఊపి చూసుకుంటే ఈకలా అనిపించింది. ఆ సంతోషంలో ఇంటికి సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, రేపు కాంట ఉంది!

అక్కడ తెలివైనవాడైతే వెనక్కి వెళ్లి అన్నీ బిగించేవాడు. నేను పసుపు మార్కెట్లో పెరిగినవాణ్ణి. తూకం తక్కువైతే ఏం చేయాలో నాకు తట్టింది ఒక్కటే, ఇంకేదైనా వేసి సరిచేయడం. తీసినవన్నీ కలిపితే అరవై కిలోల పైచిలుకు. మామ దుకాణం నుంచి ఒక పసుపు కొమ్ముల బస్తా సైకిల్ మీద ఒక్కణ్ణే తెచ్చుకుని, సీట్ల వెనక ఇరుకు సందులో పడుకోబెట్టి, పైన నల్ల గుడ్డ కప్పాను. ముందు భాగంలో తీసిన బరువును వెనక భాగంలో, ఇంజనుకు తోడుగా వేశానన్న ఆలోచన నా బుర్రకు రాలేదు. కాంటకు ముందూ వెనకా తెలియదు. నాకూ తెలియలేదు.

మర్నాడు కాంట మీద కారు చీటీకి సరిగ్గా మూడు కిలోలు తక్కువ తూగింది. "రెండు కిలోలు తుప్పు, ఒక్క కిలో నీ చెమట పో!" అని మామ అందరి ముందూ ఉస్తాద్ వీపు చరిచాడు. ఉస్తాద్ మొహంలో అంత వెలుగు మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఆయన స్టీరింగ్ ముందు, మామ పక్కన కూర్చుని దుకాణానికి బయలుదేరారు. రైతులు, హమాలీలు రెండు వైపులా నిలబడి చూస్తున్నారు. నేను యార్డు గేటు లోపల నిలబడ్డాను. "జర గుంజు ఉస్తాద్, చూస్తున్నరు!" అని మామ కేక వినిపించింది. ఉస్తాద్ గుంజాడు. గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఉంది. కారు దాని మీదికి ఎక్కగానే ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. దిగాక కూడా స్టీరింగ్ ఎటు తిప్పితే అటు రాలేదు. "సేటూ, చక్రం చేతికొస్తలేదు!" అని ఉస్తాద్ అరుస్తుండగానే, మెండోర నుంచి వచ్చిన రైతు ఒకాయన పొద్దున్నే పోసుకున్న పసుపు కుప్పలోకి కారు సగం దాకా దూరిపోయింది.

దెబ్బలు ఎవరికీ తగల్లేదు. మామ తలుపు తీసుకుని దిగాడు, నలుగు పెట్టిన పెళ్లికొడుకులాగ. హమాలీలు నవ్వు ఆపుకోలేక బస్తాల చాటుకు పోయారు. మెండోర రైతు మాత్రం నవ్వలేదు. "నా కుప్పే దొర్కిందా నీకు?" అని కుప్ప చుట్టూ తిరుగుతున్నాడు. ఇంతలో ఒక హమాలీ కారు లోపలికి తొంగిచూసి, "సేటూ, లోపట గూడ పసుపున్నది" అన్నాడు. కుప్పలోది లోపలికి వచ్చిందనుకున్నారు. తీరా చూస్తే బస్తా. పక్కకు పగిలిన బస్తా మీద నీలి రంగుతో మామ దుకాణం గుర్తు. (రాసింది నేనే, అందమైన అక్షరాలతో.)

హమాలీల నవ్వు, రైతు కోపం రెండూ ఆగిపోయాయి. మామ ఉస్తాద్ వైపు తిరిగాడు. "తూకం కలిపినవార? నా కారు సామాను మింగి, నా బస్తా పెట్టి, నాకే తూచినవా?"

"ఏసయ్య మీద ఒట్టు సేటూ, నాకు ఎర్కలేదు."

ఉస్తాద్ వంగి, నలిగిన బంపరు లోపల చెయ్యి పెట్టి చూశాడు. దిమ్మ లేదు. రెండో పక్క చూశాడు. లేదు. లేచి నిలబడి నా వైపు చూశాడు. నేను పసుపు వైపు చూశాను. జీవితంలో పసుపును అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

గది పోయింది. గోడ మీద బొగ్గు గీతల మీద సున్నం పడింది. తూకంలో మోసం చేశాడన్న పేరు పడ్డాక ఆర్మూర్‌లో ఎవడు పని ఇస్తాడు? ఉస్తాద్ జక్రాన్‌పల్లి వెళ్లి హైవే పక్కన పంచర్ల దుకాణం పెట్టుకున్నాడు. మామ కారును ఎవరికో వదిలించుకున్నాడు. గోదాము మూలన నా సంచుల్లోంచి జారి మిగిలిపోయిన ఒక ఇనుప దిమ్మ ఏమిటో తెలియక, గాలికి కొట్టుకునే దుకాణం తలుపుకు అడ్డం పెట్టాడు. రెండోది నా ఇంటి మీద నీళ్ల ట్యాంకు మూత కోతులు తీయకుండా కాపలా కాస్తోంది. సాక్ష్యాలు రెండూ అందరి కళ్ల ముందే ఉన్నాయి. నేను మాత్రం జక్రాన్‌పల్లి మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా కిటికీ కిందికి వంగి చెప్పు సరిచేసుకునేవాణ్ణి.

పోయిన నెల సరిగ్గా జక్రాన్‌పల్లి దగ్గరే నా స్కూటర్ టైరు పంచరైంది. దగ్గరలో దుకాణం ఒక్కటే. ఉస్తాద్ జుట్టంతా తెల్లబడింది, జేబులో పానా అలాగే ఉంది. నా మొహం చూసి, వంగి ట్యూబు బయటికి తీశాడు. అది నీళ్లలో బుడగలు వదులుతుండగా నేను మొత్తం చెప్పేశాను.

"దిమ్మలు యాడున్నయి?" అని ఒక్కటే అడిగాడు. చెప్పాను. కోతుల సంగతి విని కొంచెం నవ్వాడు. తరువాత నవ్వలేదు.

"గా రోజు నువ్వు చెప్తవని చూస్కుంట నిలబడ్డ తమ్మీ. మా ఇంటామె అన్నం పట్టుకొచ్చేదాక గక్కడనే నిలబడ్డ." ట్యూబు తుడిచాడు. "ఇప్పుడు నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎర్కున్నదే గదా. తెల్వనోళ్లకు చెప్పు."

మర్నాడు మామ దగ్గరికి వెళ్లాను. డెబ్బై దాటినా గల్లా ముందు అలాగే కూర్చుంటున్నాడు, మనిషి ఇంకా బరువెక్కాడు. హమాలీలు, ఇద్దరు రైతులు ఉండగానే చెప్పాను. ఆ రైతుల్లో ఒకడు కుర్రవాడు. "ఏం కారు?" అని అడిగాడు. (ఇరవై ఏళ్లు గుండెలో మోసిన రహస్యానికి దక్కిన మర్యాద అది.)

మామ గల్లా పెట్టె మూశాడు. "బస్తా దొంగవు నువ్వార అల్లుడా?" అన్నాడు. తరువాత, గొంతు తగ్గించి, "వాడు బస్టాండుల కనపడితే ఇప్పటికి గూడ నమస్తే పెడ్తడురా. నేనే మొఖం తిప్పుకుంట" అన్నాడు.

నేను తలుపు దగ్గర దిమ్మ తీయబోయాను. "ముట్టకు, తలుపు కొట్టుకుంటది!" అని అరిచాడు. అరిచి, ఆగి, తనే మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చాడు. "కొట్టుకోనియ్. బండి తియ్. జక్రాన్‌పల్లి పోదాం."

స్కూటర్ వెనక మామ కూర్చోగానే ముందు చక్రం నేల మీద నిలవనంది. హ్యాండిల్ ఎటు తిప్పినా తేలికగా, ఏ పట్టూ లేకుండా ఊగింది. మామ ఒళ్లో దిమ్మ పెట్టుకుని, "ఏమైందిరా?" అన్నాడు.

"అది ఇటియ్యి మామా" అని తీసుకుని నా కాళ్ల దగ్గర, ముందు, జాగ్రత్తగా నిలబెట్టుకున్నాను. చక్రం నేలను పట్టింది. వెనక దుకాణం తలుపు దబ్బున కొట్టుకుంది. యార్డు గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద, నలభై రెండేళ్ల డిప్లొమా హోల్డర్‌నైన నేను, స్కూటర్‌ను నెమ్మదిగా దించాను.