అహ్మద్ అలీ దీపం మూత

కోస్గి బజారులో అహ్మద్ అలీ రేకు పని దుకాణం ఎంత చిన్నదంటే, గిరాకీ ఇద్దరొస్తే ఆయన బయటికి రావాల్సిందే. పనిలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. పొలం గట్టున ఎంత గాలి వీచినా ఆరని కిరసనాయిలు దీపం చేశాడు. దాని గుట్టంతా మంట మీద కప్పే మూతలో ఉంది.

1958లో హైదరాబాదు నుంచి ఖుద్దూస్ సేటు వచ్చాడు. ఆయనకు సముద్రం అవతల ఏడెన్ రేవులో దుకాణం ఉంది.

"అహ్మద్ భాయ్, నీ దీపం జపాన్ల చేయిస్త. పడవలోళ్ళు వేలకు వేలు కొంటరు. నమూనా ఇయ్యి, నీ వాటా నీకిస్త."

అహ్మద్ అలీ సంబరపడ్డాడు, మరుక్షణమే భయపడ్డాడు. అంతకుముందు ఆయన చేసిన నూనె గరాటును పట్నంవాళ్ళు నమూనా అని పట్టుకుపోయి, నెల తిరక్కుండా బజారు నింపేశారు. ఆపైన జనం ఆయన దుకాణానికే వచ్చి, "పట్నం గరాటును మంచిగనే నకలు కొట్టినవ్" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. ఇప్పుడు దీపం కూడా పోతే తనదని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఎటూ తేల్చుకోకముందే కామెర్లు పట్టుకున్నాయి. భార్య ఇక్బాల్ బీ ఆయన్ని భద్రమ్మ ఇంటికి నడిపించింది. భద్రమ్మ పసరు మందుకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొస్తాయి. ఆకు ఆమె కోడలు నూరింది. వేరు పక్కింటి ఉప్పలమ్మ నూరి తెచ్చింది. రెంటినీ భద్రమ్మ తలుపేసుకొని తన చేత్తో కలిపింది.

"రెండూ ఒక్కరే నూరొచ్చు గద అవ్వా?" అని అడిగాడు అహ్మద్ అలీ.

భద్రమ్మ నవ్వింది. "ఆకు నూరేదానికి వేరు తెల్వది, వేరు నూరేదానికి ఆకు తెల్వది. కలిపే లెక్క నాకొక్కదానికే ఎరుక. లేకుంటే ఊరికొక భద్రమ్మ పుడ్తది బిడ్డా!"

మందు చేదు నాలుక మీదే ఉండిపోయింది గానీ, మాట మాత్రం లోపలికి దిగింది.

ఒళ్ళు కుదుటపడగానే సేటుకు నూనె డబ్బా, చట్రం నమూనాలు ఇచ్చాడు. మూత ఇవ్వలేదు. "మూతల మీద నా పేరు కొట్టి నేనే పంపుత. నీ దుకాణంల బిగించుకో" అన్నాడు. మూత లోపల గాలిని మళ్ళించే పలుచని రేకు మడిచిపెట్టి, తగరం కరగబోసి మాటు వేసేవాడు. ఎవరైనా విప్పబోతే అది నలిగి ముద్దవుతుంది. సేటు మొహం చిట్లించాడు, అయినా ఒప్పుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి సేటు పరుగున వచ్చాడు.

"ఆ జపాన్ కార్ఖానావాళ్ళు మన దీపాన్నే చాటుగ ఏడెన్ల పక్క దుకాణాలకు అమ్మిన్రు భాయ్! మూతలు వాళ్ళకు తోచినట్టు చేసిన్రు. సముద్రం గాలికి ఒక్కటి నిలువలే. ఇప్పుడు పడవలోళ్ళు మూత మీద నీ పేరు చూసినంకనే కొంటున్నరు."

అహ్మద్ అలీ ఆ పూటే కొత్త దీపం పట్టుకొని భద్రమ్మ ఇంటికి వెళ్ళాడు.

"నీ పుణ్యాన బతికిన అవ్వా."

"కామెర్లు పోయి ఏడాదాయె. ఇప్పుడు యాదికొచ్చిందా?"

"కామెర్ల సంగతి కాదు. నీ ఇంటి మర్మం పరాయోనికి చెప్పినవు. గా మాటే నా పేరు నిలిపింది."

ఆయన ఇంకా మాటు వేయని మూత ఒకటి సంచిలోంచి తీసి, రేకు మడత కనబడేలా ఆమె ముందు పెట్టాడు. భద్రమ్మ గభాలున కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"నాకెందుకు చూపిస్తవ్? దాచుకోవాలె గద!"

"దొంగలకు దాస్త. నీకు దాస్తే నా అన్నం నాకు అరుగదవ్వా."

ఆమె కొంగు దించి, మూతను రెండు చేతులా అందుకుంది.