మూడు దినాలు బల్ల మీద

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. తిరుచానూరు రోడ్డు పక్కన మా వీధి బ్యాటరీ మేస్త్రి పోయిన నెల కన్నుమూశాడు. దేన్నైనా తొందరపడి పొగిడితే ఆయనకు గిట్టేది కాదు. నెల ఆగి రాస్తున్నాను కాబట్టి తిట్టడనుకుంటాను.

బాగుచేసిన బ్యాటరీకి చార్జి ఎక్కించి, మూడు రోజులు బల్ల మీద ఊరికే వదిలేసేవాడు. నాలుగోనాడు మీటరు పెట్టి, చార్జి దిగలేదని తేలితేనే సుద్దముక్కతో దాని మీద అడ్డగీత కొట్టేవాడు. ఆ గీత పడితేనే ‘రెడీ’. పెళ్ళివాళ్ళు వచ్చి బతిమాలినా అంతే. ఆయన చొక్కాలన్నీ యాసిడ్ చిల్లులు, వేళ్ళన్నీ మచ్చలు.

నేను చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా బజ్జీలు చుట్టిన కాగితాల్లోనే. అందుకే చాలా విషయాల్లో నాకు మొదటి సగమే తెలుసు. అలాంటి కాగితంలోనే సాలిడ్ స్టేట్ బ్యాటరీ సంగతి చదివి ఆయనకు వినిపించాను. లోపల ద్రవం ఉండదట, అంతా గట్టి పదార్థమేనట.

“ఒలికేది ఏమీ లేదా?” అని రెండుసార్లు అడిగాడు, తన వేళ్ళు చూసుకుంటూ. మర్నాడు బల్ల చివర జానెడు చోటు ఖాళీ చేశాడు. “వస్తే ఈడ పెట్టి సూస్తా.”

ఆ బ్యాటరీ వచ్చాకే ఎలక్ట్రిక్ స్కూటరు కొందామని, అందాకా సైకిలు తొక్కుతూ నేనూ ఆగాను. పేపర్లు ఏటా ‘వచ్చే ఏడే’ అనేవి.

“పందెం బండ్లలో పెట్టి సూస్తాండారంట మేస్త్రీ. ఇంక రెడీ గదా?”

“పందెం బండి ఎనక పదిమంది మెకానిక్కులు పరిగెత్తతారబ్బా. పాలుపోసే ఆయప్ప ఎనక ఎవురుండారు? లోపల పొరలు సీలతాయని నువ్వే గదా సదివినావు. గుంతల్లో ఎగిరి, మన ఎండలో నిలబడి, ఐదేండ్లు పన్జేస్తే అప్పుడు రెడీ.”

“అయితే కొనద్దంటావా?”

“ఇప్పుడుండేది కొను. అది వచ్చేదాకా నీ మోకాళ్ళు ఆగతాయా?” అని నవ్వి, తర్వాత మెల్లగా అన్నాడు: “నాకు మాత్రం దాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని ఉండాది.”

పట్టుకోలేదు. మా ఇన్వర్టరు బ్యాటరీని బల్ల మీద పెట్టిన రెండోనాడే పోయాడు.

కర్మ అయ్యాక వెళ్ళాను. బల్ల చివర చోటు ఖాళీగానే ఉంది.

“మూడు దినాలు ఎప్పుడో దాటిపొయినాయి, తీసకపోతానమ్మా,” అన్నాను.

“సూడకుండానా అన్నా?” అంది ఆయన భార్య.

మీటరు పెట్టి చూసింది. సుద్దముక్క వెతికి అడ్డగీత కొట్టింది. బ్యాటరీని తోపుడుబండి మీద ఇంటికి తెచ్చుకున్నాను.